ఐడెల్లా పెట్టనివ్వని సంతకాలు

ఐడెల్లా క్రౌస్ ఎవరినీ నమ్మదు. ఈ మాట ఆమె మొహం మీదే అన్నా ఏమీ అనుకోదు. పైగా "నమ్మి ఏం బావుకున్నామే నోరీన్? మా నాన్న నమ్మాడుగా, చూశాంగా" అంటుంది నాతో. పాల డబ్బా కొంటే మూత మీద తేదీ రెండుసార్లు చూస్తుంది. బంకులో పెట్రోలు పోయించుకున్నాక తన పాత పికప్ ట్రక్కులోనే కూర్చుని, వేళ్ళ మీద లెక్క కట్టుకుని, తేడా లేదని తేలాక గానీ కదలదు. వెనకున్న బళ్ళవాళ్ళు హారన్ కొడితే అద్దంలోంచి వాళ్ళనీ ఒకసారి అనుమానంగా చూస్తుంది.

నేను ఆమెను ఇరవై ఏళ్ళుగా ఎరుగుదును. కొండ మీది స్లేట్ రన్ చిన్న బడిలో నేను వంటమనిషిని, ఆమె తొమ్మిదో నంబరు బస్సు నడుపుతుంది. పొద్దున పిల్లల్ని దించేశాక మా వంటింటి వెనక తలుపు దగ్గర నిలబడి ఒక కప్పు కాఫీ తాగి వెళ్ళడం ఆమెకి అలవాటు. ఆ కప్పు అయ్యేలోగా సూపరింటెండెంటు దగ్గర్నుంచి వాతావరణం చెప్పేవాడి దాకా అందరినీ ఉతికి ఆరేస్తుంది. నేను తలూపుతూ బంగాళాదుంపలు తరుగుతాను. నిజం చెప్పాలంటే ఆమె అనుమానాల్లో సగం నాకూ ఉన్నవే, కాకపోతే పైకి అనేంత నోరు నాకు లేదు.

ఆమెకి ఈ గుణం ఊరికే రాలేదు. వాళ్ళ నాన్న మెర్టన్ ఊళ్ళోని గాజు ఫ్యాక్టరీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు కొలిమి ముందు నిలబడ్డాడు. ఫ్యాక్టరీ మూసేసే ఏడాది మేనేజర్ స్వయంగా ఇంటికొచ్చి, వాళ్ళమ్మ పెట్టిన ఆపిల్ కేకు రెండు ముక్కలు తిని, ఒక కాయితం బల్ల మీద పెట్టాడు. "ఇది ఊరికే రికార్డు కోసం, సంతకం పెట్టెయ్" అన్నాడు. నాన్న పెట్టేశాడు. ఆ సంతకంతో పెన్షన్ పోయింది. ఐడెల్లాకి అప్పుడు పదిహేడేళ్ళు. ఆ కాయితాన్ని ఆవిడ ఇప్పటికీ వంటింటి సొరుగులో చెంచాల కింద దాచుకుంది. నాకు రెండుసార్లు చూపించింది. చూపించిన రెండుసార్లూ మేనేజర్ తిన్న కేకు ముక్కల లెక్క కూడా చెప్పింది.

అలాంటి మనిషి స్కూల్ బోర్డు మీటింగులకి వెళ్ళకుండా ఎలా ఉంటుంది? మా మెర్టన్ స్కూళ్ళ జిల్లా మొత్తానికి బోర్డు ఒకటే. నెలకోసారి, రెండో మంగళవారం సాయంత్రం హైస్కూలు లైబ్రరీలో కూర్చుంటుంది. ఊళ్ళో ఎవరైనా లేచి మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. బోర్డు అధ్యక్షుడు డెల్బర్ట్ హేన్స్‌కి దాణా కొట్టుంది, బేరంలో మెత్తటివాడే. మొదట్లో ఆయన చేతి గడియారం చూసి టైము చెప్పేవాడు. "నా వంతు వచ్చేసరికి నీ గడియారం పరిగెడుతోందయ్యా డెల్బర్ట్" అని ఐడెల్లా నిండు సభలో కడిగేసింది. దాంతో మా వంటింట్లో గుడ్లు ఉడికేటప్పుడు నిమిషాలు తిప్పి పెడితే టైము కాగానే మోగే తెల్ల గంటను తెప్పించారు. గంట నాది కాబట్టి దాన్ని తిప్పే పనీ నాదే అయింది. పదకొండేళ్ళుగా ప్రతి మీటింగులో ఆ గంట పట్టుకుని ముందు కుర్చీలో కూర్చుంటున్నాను. జీతం లేదు. ఐడెల్లా ఒత్తిడి మీద, జీతం లేదన్న మాట కూడా మినిట్స్‌లో రాయించారు.

ఆమె మూడు నిమిషాలకి భయపడనివాడు బోర్డులో లేడు. హైస్కూలు పైకప్పు బాగుచేసిన కాంట్రాక్టరు రేకులు తక్కువ వేశాడని పట్టుకుంది, నిజంగానే తక్కువ వేశాడు. ఆ రోజు నుంచి జనం ఆమె వెనక చేరారు. బేకన్, గుడ్లు తింటూ రైలు గేటు దగ్గరి హోటల్లో కూర్చునేవాళ్ళంతా "ఐడెల్లా ఏమంటోంది?" అని అడిగిన తర్వాతే తమ అభిప్రాయం చెప్పేవాళ్ళు. అందరికంటే ఎక్కువగా ఆమె మాట పట్టుకున్నవాడు బర్డెట్ లాంగ్. పందులు పెంచుకునే రైతు, పొద్దునా సాయంత్రం నాలుగో నంబరు బస్సు నడుపుతాడు. ఎవరు ఏ విషయంలో మంచిమాట చెప్పినా, "వీడికెంత ముట్టిందో?" అనడం ఐడెల్లా అలవాటు. బర్డెట్ ఆ మాటను సొంతం చేసుకుని పెళ్ళిళ్ళలో కూడా వాడేవాడు.

పోయిన ఏడాది వసంతంలో ఆమె పట్టు పట్టింది సంత సెలవుల మీద. మా కౌంటీ సంత అక్టోబరు మొదటి వారంలో. పిల్లలు ఏడాదంతా పెంచిన పందుల్నీ కోడెదూడల్నీ కుందేళ్ళనీ అక్కడికి తోలుకెళ్ళి చూపించి, వేలంలో అమ్ముతారు. ఆ వారం మా బళ్ళకి మూడు రోజులు సెలవివ్వడం మా తాతల నాటి నుంచీ ఉంది.

"మూడు రోజుల జీతం ఇచ్చి టీచర్లని సంతలో తిండి తినడానికి పంపిస్తున్నాం" అంది ఐడెల్లా లేచి. "మన పన్నులతో! పిల్లలు సంతకి పోతే పోనీండి, అది వాళ్ళ పని. మరి టీచర్లకేం పని అక్కడ? బడి తెరిచి ఉంచండి. వాళ్ళని బల్లల ముందు కూర్చోబెట్టండి."

జనం చప్పట్లు కొట్టారు. గంట ఒడిలో పెట్టుకుని నేను కూడా కొట్టాను. డెల్బర్ట్ చెమట తుడుచుకుని సంత సెలవులు రద్దు చేశాడు.

అక్టోబరు వచ్చింది. సంత వారం బడి తెరిచే ఉంది. పిల్లలు మాత్రం ఎప్పటిలాగే సంతకి పోయారు. ఎనభై ఆరు మందికి వండే నేను ఆ వారం ముప్ఫై మందికి వండి, మిగిలిన మాకరోనీ ఫ్రీజర్‌లో పెట్టుకున్నాను. టీచర్లు బల్లల ముందు కూర్చున్నారు. ఐడెల్లా అది చూసి, ముప్ఫై ఏళ్ళ కక్ష తీరినట్టు కాఫీ తాగింది.

ఆ వారానికి ఇంకో పేరు కూడా ఉంది. దాన్ని మా డ్రైవర్లు లెక్కల వారం అంటారు. అక్టోబరులో మొదటి పూర్తి వారం, ప్రతి డ్రైవరూ రోజూ పొద్దున బస్సెక్కిన తలలు లెక్కపెట్టి ఒక కార్డు మీద రాసి, శుక్రవారం సంతకం పెట్టాలి. ఆ తలల్ని బట్టే ఏడాది మొత్తానికీ రాష్ట్రం బస్సుల డబ్బు పంపుతుంది. ఇదివరకు సంతకి సెలవులుండేవి కాబట్టి ఆ వారం పూర్తి వారం కిందకి వచ్చేది కాదు, లెక్క తర్వాతి వారానికి జరిగేది. ఇప్పుడు జరగలేదు. పదకొండు మంది డ్రైవర్లూ సగం ఖాళీ బస్సులు నడిపి, ఉన్న తలలు లెక్కపెట్టి, ఉన్నదున్నట్టు రాసి సంతకాలు పెట్టారు. ఒక్కరికీ తట్టలేదు. ఎలా తడుతుంది? మా దగ్గర సంత వారంలో బడికి రాని పిల్లాణ్ణి రాలేదని ఎవరూ అనుకోరు, సంతలో ఉన్నాడనుకుంటారు.

ఇది కనిపెట్టాల్సినవాడు నోలన్ ప్రూయిట్. జిల్లా డబ్బులు చూసే కొత్త కోశాధికారి. ఆగస్టులోనే కొలంబస్ నగరం నుంచి వచ్చాడు. ముప్ఫై దాటని కుర్రాడు, సన్నటి టై, కరెంటు మీద నడిచే కారు, మధ్యాహ్నం డబ్బాలో ఆకులు తెచ్చుకుని తింటాడు. మా వంటకం ఒక్కరోజూ ముట్టలేదు. అందుకే అతనంటే నాకు మొదటి నుంచీ పడలేదు. అతనికి సంతేమిటో తెలియదు. అంకెలు మాత్రం తెలుసు. నవంబరులో పదకొండు మంది డ్రైవర్లకీ తలా ఒక కాయితం పంపాడు. "మీ అక్టోబరు లెక్క పోయిన ఏడాది కంటే చాలా తక్కువ ఉంది. ఏదైనా కారణం ఉంటే రాసి సంతకం చేసి పంపగలరు" అని అందులో ఉంది.

ఐడెల్లా ఆ కాయితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని మా వంటింటికి తెచ్చింది.

"చూశావుటే? వచ్చి మూడు నెలలు కాలేదు, అప్పుడే మన చేత కాయితాలు రాయించుకుంటున్నాడు."

"లెక్కలో ఏదో అనుమానం వచ్చుంటుందిలే" అన్నాను.

"అనుమానం మనకి రావాలి, వాడికెందుకు? రేపు డబ్బు ఎక్కడన్నా గల్లంతైతే, ఇదిగో డ్రైవర్లే తప్పు లెక్క రాశామని ఒప్పుకున్నారు అని చూపిస్తాడు. మా నాన్నకి పెట్టిన కాయితం కూడా ఇలాగే మర్యాదగా ఉంది. 'చేయగలరు' అని ఉంది."

మర్నాడు బస్సుల షెడ్డు గోడకి మార్కరుతో రాసిన అట్ట ఒకటి వేలాడింది. "ఏ కాయితం మీదా సంతకం పెట్టొద్దు. ఐ.క్రౌస్." పదకొండు మందిలో ఒక్కరు కూడా నోలన్‌కి జవాబు రాయలేదు.

జనవరి మీటింగులో నోలన్ లేచి, ఈ ఏడాది జిల్లాకి మూడు లక్షల పది వేల డాలర్లు తక్కువ పడుతున్నాయని చెప్పాడు. ఎక్కడ తగ్గాయో చెప్పబోతే ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. మే నెల ఎన్నికల్లో జనం కొత్త స్కూలు పన్నుకి ఓటెయ్యాలి, లేదంటే స్లేట్ రన్ బడి మూసి పిల్లల్ని కొండ దిగి మెర్టన్‌కి పంపాలి. పోను నలభై నిమిషాలు, రాను నలభై. నా వంటిల్లు పోతుంది. ఆరేళ్ళ పిల్లలు చీకట్లో బస్సెక్కాలి.

ఊరు భగ్గుమంది. పోయిన ఏడాది లేని చిల్లు ఈ ఏడాది ఎక్కణ్ణుంచి వచ్చింది? ఫుట్‌బాల్ మైదానంలో కొత్త స్కోరుబోర్డు పెట్టారు, అదా? సూపరింటెండెంటు గదిలో కొత్త తివాచీ పరిచారు, అదా? నోలన్ కారు ఖరీదెంత? ఇళ్ళ ముందు మంచులో "ముందు లెక్క చెప్పండి" అని అట్టలు మొలిచాయి. నోలన్ రైలు గేటు హోటల్‌కి వెళితే ఎవరూ పక్కకి జరిగి చోటివ్వలేదు. హోటలావిడ అతనికి చిల్లర ఇస్తూ, "లెక్క చూసుకో బాబూ, నీకు అలవాటేగా" అందట. అందరూ నవ్వారట. నేనూ విని నవ్వాను. నా ఉద్యోగం పోయేలా ఉంది, ఎవరో ఒకరు తిన్నారంటే కొంచెం ఓదార్పుగా ఉండేది.

మార్చిలో బోర్డు రెండు విషయాలు తేల్చాలి. ఒకటి, మే ఓటు కోసం ఆగకుండా వేసవి నుంచి స్లేట్ రన్ మూయడం. రెండోది, నోలన్‌ని ఇంకో ఏడాది ఉంచడమా, పంపేయడమా. మీటింగుకి ముందు శుక్రవారం ఐడెల్లా జిల్లా ఆఫీసుకి వెళ్ళి, లెక్కల కాయితాలన్నీ చూపించమని అడిగింది. ఊళ్ళో ఎవరికైనా ఆ హక్కుంది. నన్ను సాక్షిగా రమ్మంది.

"ఒక్కదాన్నే వెళితే రేపు నేనే ఏదో కాయితం చింపేశానంటారు" అంది.

నోలన్ అట్టపెట్టెలు తనే మోసుకొచ్చి పెట్టాడు. కాఫీ కావాలా అనడిగాడు. "వద్దు" అని ఐడెల్లా నా తరఫున కూడా చెప్పేసింది. కళ్ళద్దాలు పెట్టుకుని తివాచీ బిల్లు చూసింది, ఉన్నది మూడు వందలే. స్కోరుబోర్డు డబ్బు టైర్ల కొట్టువాడు విరాళమిచ్చాడు. ఆమె మొహం చిన్నబోతూ వచ్చింది. రెండో గంటలో ఒక కాయితం దగ్గర వేలు ఆగింది.

"ఇదిగో! దొరికాడు!" అని కుర్చీలోంచి సగం లేచింది. "రాష్ట్రం ఇచ్చే బస్సుల డబ్బు. మూడు లక్షలు తగ్గింది. ఏం నాయనా ప్రూయిట్, బస్సులన్నీ తిరుగుతూనే ఉన్నాయిగా? డీజిలు తాగుతూనే ఉన్నాయిగా? మూడు లక్షలు ఏ దారిన పోయాయి?"

నోలన్ ఇంకో చిన్న పెట్టె తెరిచి కార్డులు ముందు పెట్టాడు. పైన తొమ్మిదో నంబరు బస్సు కార్డుంది. నేను కూడా వంగి చూశాను. యాభై రెండు ఉండాల్సిన చోట పందొమ్మిది, పదిహేడు, పదహారు, పదహారు, ఇరవై. కింద ఐడెల్లా సంతకం, చివర తోక లాగి మరీ.

"ఆ వారం పిల్లలకేమన్నా జబ్బులొచ్చాయా, క్రౌస్ గారూ?" అన్నాడు నోలన్. గొంతులో వెటకారం లేదు, నిజంగానే అడుగుతున్నాడు. "నవంబరులో అందరికీ రాశాను. ఎవరూ చెప్పలేదు."

నాకే నోరు ఆగలేదు.

"సంత, బాబూ" అన్నాను.

"ఏ సంత?"

చెప్పాను. పందులు, కుందేళ్ళు, వేలం, సెలవులు, ఆ సెలవుల్ని తీసేయించిన మూడు నిమిషాల ప్రసంగం. చివరి ముక్క చెప్పేటప్పుడు ఐడెల్లా వైపు చూడలేకపోయాను. ఆవిడ తన కార్డునే చూస్తోంది. ఎవడో తిన్నాడని రెణ్ణెల్లుగా వెతుకుతున్న డబ్బు ఎవడూ తినలేదు. సెలవులు తీయించింది ఆవిడ, చప్పట్లు కొట్టింది మేము.

నోలన్ ఫోన్ దగ్గరికి లాక్కుని అన్నాడు, "రాష్ట్రం వాళ్ళతో మాట్లాడి చూస్తాను."

గంటన్నర ఫోన్ మీద ఉన్నాడు. లెక్క సరిదిద్దుకునే గడువు డిసెంబరులోనే అయిపోయిందట. ఆఖరికి వాళ్ళు ఒక్క దారి చూపించారు. పదకొండు మంది డ్రైవర్లూ ఒకే కాయితం మీద, సంత వల్ల లెక్క పడిపోయిందని సంతకాలు చేసి వచ్చే శుక్రవారం లోపల పంపితే, అక్టోబరులో సంత తర్వాతి వారం హాజరు చూసి డబ్బు సరిచేస్తారు. ఒక్క సంతకం తక్కువైనా ఆ కాయితాన్ని కవరులోంచి కూడా తీయరట.

బయటికొచ్చాక ఐడెల్లా తన పాత ట్రక్కులో స్టీరింగు పట్టుకుని కూర్చుంది, తాళం తిప్పలేదు.

"నాన్న సంతకం పెట్టి పోగొట్టుకున్నాడు" అంది. "నేను పెట్టనివ్వక పోగొట్టాను. చూశావుటే నా తెలివి?"

ఆమెను తిట్టాలనీ ఉంది, పట్టుకుని ఏడవాలనీ ఉంది.

మంగళవారం లైబ్రరీలో కుర్చీలు చాలక జనం పుస్తకాల అల్మారాలకి ఆనుకుని నిలబడ్డారు. ఐడెల్లా లేవగానే ఈలలు, చప్పట్లు. "ఉతికెయ్ ఐడెల్లా!" అని వెనక నుంచి బర్డెట్ అరిచాడు. నేను గంట తిప్పాను.

"నోలన్ ప్రూయిట్ ఏమీ తినలేదు" అంది ఐడెల్లా.

హాలంతా గోల మొదలైంది. ఆమె కార్డు పైకెత్తి చూపించింది. సంత సంగతి చెప్పబోయింది, ఎవడో "గట్టిగా" అన్నాడు. మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. "సెలవులు వద్దన్నది నేను. కాయితాల మీద సంతకాలు వద్దన్నదీ నేనే. తప్పు నాది" అనేసరికి రెండున్నర నిమిషాలు అయిపోయాయి. అసలు విషయం ఇంకా చెప్పలేదు, పదకొండు సంతకాలు కావాలని. గంట మోగబోతోంది. నేను పదకొండేళ్ళలో ఎప్పుడూ చేయని పని చేశాను. బొటనవేలితో దాని చక్రం తిరగకుండా గట్టిగా నొక్కి పట్టుకున్నాను.

ఐడెల్లా సంతకాల సంగతి చెప్పింది. శుక్రవారం గడువు చెప్పింది. స్లేట్ రన్ నిలవాలంటే ఇదొక్కటే దారి అంది.

"ఎంత ముట్టింది ఐడెల్లా?"

బర్డెట్ అన్నాడు. అరవలేదు, మామూలుగానే అడిగాడు. ముందు ఒకరిద్దరు నవ్వారు, తర్వాత చాలామంది నవ్వారు. "మూడు గంటలు వాడి ఆఫీసులో కూర్చుంది, తలుపేసుకుని" అంది హోటలావిడ. "ఏమయ్యా డెల్బర్ట్, మూడు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి, గంటెందుకు మోగలేదు?" అన్నారింకెవరో. అందరూ నా చేతి వైపు చూశారు. "నోరీన్‌కీ ముట్టినట్టుంది!" అన్నాడు బర్డెట్.

వేలు తీశాను. గంట మోగింది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. బర్డెట్ ఆ ప్రశ్న అడిగినప్పుడు, పక్కనే ఉండి కార్డులు కళ్ళారా చూసిన నాకు కూడా ఒక్క క్షణం అనిపించింది, ఏమో, నోలన్ ఆ ఫోన్‌లో గంటన్నర ఎవరితో మాట్లాడాడో అని. పిచ్చి ఆలోచన. అయినా వచ్చింది.

బోర్డు నోలన్‌ని మూడు ఓట్లతో ఉంచింది, రెండు ఓట్లు వద్దన్నాయి. స్లేట్ రన్ మాటను శనివారానికి వాయిదా వేసింది.

బుధవారం నుంచి ఐడెల్లా కాయితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. తన ట్రక్కులో నన్నూ ఎక్కించుకుంది. మొదటి సంతకం తనది పెట్టింది. ఒక డ్రైవరు కాయితాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు, లోపల ఇంకేమన్నా రాసుందేమోనని. ఇంకొకావిడ వెనక వైపు తిప్పి చూసి, తమ్ముడికి ఫోన్ చేసి చదివి వినిపించి, అప్పుడు పెట్టింది. ఐడెల్లా ఎవరినీ తొందరపెట్టలేదు. "చూసుకోండి, బాగా చూసుకోండి" అంటూ గుమ్మంలో నిలబడింది. గురువారం సాయంత్రానికి పది సంతకాలయ్యాయి.

శుక్రవారం మధ్యాహ్నం బర్డెట్ పందుల కొట్టం దగ్గరికి వెళ్ళాం. పందులకి మేత పోస్తున్నాడు. బాల్చీ దించకుండానే కాయితం వైపు చూశాడు.

"బర్డెట్, సాయంత్రం అయిదింటికి పంపాలి. నీదొక్కటే మిగిలింది" అంది ఐడెల్లా.

"నేను పెట్టను."

"సంతలో నీ మనవరాలి పందికి బహుమతి రిబ్బను వచ్చిందిగా ఆ వారం. అబద్ధమా ఇందులో రాసింది?"

"అబద్ధమనలేదే."

"మరి?"

బర్డెట్ బాల్చీ కింద పెట్టి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. కోపం లేదు అతనికి. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

"ఇదిగో ఐడెల్లా, నేను చదువుకున్నవాణ్ణి కాదు. కాయితంలో ఏముంటుందో నాకు తెలియదు. ఏ కాయితం మీదా సంతకం పెట్టొద్దని షెడ్డు గోడ మీద రాసింది ఎవరు? మీ నాన్న సంగతి నాకు ఎన్నిసార్లు చెప్పావు? మర్యాదగా వచ్చి అడిగినవాణ్ణే ముందు అనుమానించమన్నావు. ఇవాళ నువ్వే మర్యాదగా వచ్చావు."

ఐడెల్లా చాచిన కాయితాన్ని వెనక్కి తీసుకుంది.

"అవును. నేనే చెప్పాను" అంది.

కాయితం మడిచి కోటు జేబులో పెట్టుకుంది. అయిదు దాటే వరకూ అతని గేటు బయట ట్రక్కులో కూర్చున్నాం. అతను రాలేదు.

శనివారం బోర్డు స్లేట్ రన్‌ని మూసేసింది. మే నెలలో కొత్త పన్ను కూడా ఓడిపోయింది. జూన్‌లో నోలన్ వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. "చూశారా, పారిపోయాడు" అంది హోటలావిడ, అందరూ తలూపారు. ఐడెల్లా తన గుడ్ల పళ్ళెం సగంలో వదిలేసి లేచిపోయింది. మళ్ళీ ఆ హోటల్‌కి వెళ్ళలేదు.

నన్ను మెర్టన్ హైస్కూలు వంటింట్లో వేశారు. అక్కడ గంటలన్నీ గోడ మీదే ఉంటాయి, నా తెల్ల గంట ఇంటికి తెచ్చేసుకున్నాను. సంత సెలవులు మళ్ళీ ఇచ్చారు. ఈ అక్టోబరు లెక్కల వారం సంత తర్వాతే వచ్చింది. తొమ్మిదో నంబరు ఇప్పుడు స్లేట్ రన్ పిల్లల్ని ఎక్కించుకుని, పొద్దుపొడవక ముందే, మూసేసిన బడి పక్కనుంచి కొండ దిగుతుంది. శుక్రవారం పిల్లల్ని దించాక ఐడెల్లా మా కొత్త వంటింటి వెనక తలుపు దగ్గరికి కార్డు తీసుకుని వచ్చింది. అయిదు రోజులూ యాభై నాలుగు.

"ఇందులో నీ సంతకం కూడా పెట్టవే" అంది.

"నాదెందుకు? డ్రైవరుది చాలుగా" అన్నాను.

"నా ఒక్కదాని సంతకం నువ్వైనా నమ్ముతావా?"

చేతులు తుడుచుకుని, కార్డు తీసుకుని, సంతకం పెట్టబోతూ ఆగాను. పెన్ను పట్టుకున్న చేయి తనంతట తాను కార్డుని వెనక్కి తిప్పింది, అటువైపు ఏమన్నా రాసుందేమో చూడ్డానికి. ఏమీ లేదు. ఐడెల్లా అది చూసింది. నేను సంతకం పెట్టేదాకా నిలబడి, కార్డు తీసుకుని బస్సు వైపు నడిచింది. ఆ రోజు కాఫీ తాగలేదు.